సడ్డకుడి పడవకు నేనిచ్చిన డైరెక్ట్ కనెక్షన్

నా తెలివితక్కువతనం గురించి ఇంకెవరైనా చెబుతుంటే నాకు మహా చిరాకు. సగమే చెబుతారు. మిగతా సగానికి వచ్చేసరికి నవ్వు ఆపుకోలేక కూలబడతారు. అందుకని ఆ సరుకు మొత్తం నేనే తెచ్చి మీ ముందు దించుతున్నాను.

కోరుట్లలో నాకు బ్యాటరీల దుకాణం ఉంది. ఇన్వర్టర్లవి, ట్రాక్టర్లవి, ఆటోలవి అన్నీ చూస్తాను. మూత తీయకుండా, ముట్టుకోకుండా, దుకాణం ముందు దించిన చప్పుడును బట్టే బ్యాటరీకి ఇంకెంత ఆయుష్షుందో చెబుతానని ఊళ్ళో పేరు. ఆ పేరును ఎక్కువగా ప్రచారం చేసింది నేనే అనుకోండి. అంతటి నేను, ఒక మనిషి మళ్ళీ దుబాయికి పోవాలా, ఇంటిపట్టున ఉండాలా అన్నది తేలిపోయే రోజున, ఆ మనిషి పడవను, దానికి పర్మిషన్ ఇవ్వడానికి వచ్చిన ఆఫీసరుతో సహా, నీళ్ళ నట్టనడుమ నిలబెట్టేశాను. అలక పూనిన పెళ్ళికొడుకులా కూర్చుంది ఆ పడవ. ఎవరు బతిమాలినా కదల్లేదు. భయపడేవారికి ముందే చెబుతున్నాను, ఇందులో ఎవరూ మునగలేదు. నా పరువు ఒక్కటే మునిగింది. పాపం, దానికి ఈత రాదు.

ఆ పడవ నా సడ్డకుడు గంగాధర్‌ది. మా ఆవిడ లతకు అక్క అయిన సుజాత వదిన భర్త. కొన్ని జిల్లాల్లో తోడల్లుడంటారు. జగిత్యాల అత్తగారింట్లో ఇద్దర్నీ పక్కపక్కనే కూర్చోబెట్టి వడ్డిస్తుంటే, తల ఎత్తకుండానే పక్క కంచంలో ఎన్ని మటన్ ముక్కలు పడ్డాయో కనిపెట్టే బంధుత్వం అది. నాకన్నా పెద్దవాడు కాబట్టి అన్నా అంటాను. ఆయనకు ముక్కలు ఎక్కువ పడతాయి కాబట్టి మనసులో ఇంకేదో అంటాను.

గంగాధర్ దుబాయిలో చాలాకాలం షికారు పడవలు నడిపాడు. పేరులోనే గంగను పెట్టుకున్నవాడు కదా, నీళ్ళ మీద ధీమా ఎక్కువ. నడపడం బ్రహ్మాండంగా వచ్చు. నడవకపోతే ఏం చేయాలో మాత్రం రాదు. అక్కడ పడవ ఆగితే ఫోన్ చేసేవాడట, ఎవరో వచ్చి బాగుచేసి పోయేవారట. ఇక చాలనుకుని ఊరికి వచ్చి, దుబాయి కష్టమంతా పోసి ఒక ఫైబర్ పడవ కొన్నాడు. సిరిసిల్ల అవతల మానేరు నీళ్ళు నిలిచిన చోట జనాన్ని షికారు తిప్పుతానన్నాడు. పైన కప్పు, రెండు వైపులా కుర్చీలు, రంగురంగుల లైట్లు, పెళ్ళి బరాతుకు సరిపోయేంత స్పీకరు, మూలన చిన్న ఫ్రిజ్జు. చుట్టుపక్కల నీళ్ళలో ఫ్రిజ్జున్న పడవ అదొక్కటే.

అయితే జనాన్ని ఎక్కించుకోవాలంటే ముందు పర్మిషన్ కావాలి. ఆఫీసరు స్వయంగా ఎక్కి, నీళ్ళ నడుమకు పోయి, ఇంజను ఆపించి, మళ్ళీ స్టార్ట్ చేయించి, ఒడ్డుకు చేరాక సరే అంటేనే సరే. లేదంటే పడవ ఒడ్డున, గంగాధర్ విమానంలో. మెట్‌పల్లి ఏజెంటు అప్పటికే వీసా పట్టుకుని రోజూ ఫోన్ చేస్తున్నాడు. "ట్రయల్ అయినంక చెప్త" అని గంగాధర్ వాయిదా వేస్తున్నాడు. ఇక వదిన సంగతి. ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు అన్న మాట నాకింకా గుర్తుంది.

"పెండ్లయిన కాడికెల్లి ఫోన్లనే కాపురం జేసిన శీనూ. ఇగ చార్జింగు అయిపోయింది. ఈసారి ఆయన పోతె, నేను ఫోను ఎత్త."

నవ్వుతూనే అంది. కానీ లత ఆ తర్వాత వంటింట్లోకి పోయి చాలాసేపు రాలేదు.

ట్రయల్‌కు ముందురోజు గంగాధర్ ఫోన్ చేశాడు.

"తమ్మీ, బోటుకు రెండు బ్యాటరీలున్నయి. ఒకటి మంచిగ చార్జింగు ఎక్కుతున్నది. ఇంకోటి ఎక్కుతలేదు."

"ఒకటున్నది గదన్నా. నడిపియ్యి."

"అది ఉత్త ఇంజనుకే. లైట్లు, పాటలు, ఫ్రిజ్జు అన్ని రెండోదాని మీద. అది సచ్చింది. రేపు సారు అస్తున్నడు. లైట్లెలుగని బోటుకు పర్మిషను ఎట్లిస్తడు?"

"బ్యాటరీయే గద? ఈ జిల్లల నాకు తెల్వని బ్యాటరీ లేదన్నా. బేఫికర్‌గ ఉండు."

దుకాణంలో కూర్చుని, స్పీకర్ పెట్టి, లత వినేలా అన్నాను ఈ చివరి మాట. ఆమె విన్నది. అప్పటినుంచి నేను వింటూనే ఉన్నాను, ఆమె నోటి నుంచి.

మీకిక్కడ కాస్త విషయం చెప్పాలి. ఇలాంటి పడవల్లో ఇంజను నడిచినప్పుడు పుట్టే కరెంటు ముందుగా ఇంజను బ్యాటరీకి పోతుంది. దాని కడుపు నిండాక, మధ్యలో ఉండే ఒక చిన్న నల్లడబ్బా టక్కుమని రెండు బ్యాటరీలనూ కలుపుతుంది. అప్పుడు రెండోదానికి వడ్డన. ఇంజను ఆగిందా, మళ్ళీ టక్కుమని విడదీస్తుంది. ఆ తర్వాత రెండో బ్యాటరీ ఎన్ని పాటలు పాడుకున్నా, ఎంత ఫ్రిజ్జు తిప్పుకున్నా ఇంజను వాటా మీద దాని చెయ్యి పడదు. ఆ నల్లడబ్బాను రిలే అంటారు. అచ్చం మా అత్తగారే. పెద్దల్లుడు తిని లేచాకనే చిన్నల్లుడికి కంచం. చిన్నల్లుడు ఎంత ఆకలిగొట్టువాడైనా పెద్దల్లుడి గిన్నె జోలికి పోనివ్వదు. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలిసిందల్లా, రెండు బ్యాటరీల మధ్య ఏదో డబ్బా అడ్డంగా ఉందన్నదే.

మీటరు, పానాలు, తీగలు సంచిలో వేసుకుని కథలాపూర్, వేములవాడల మీదుగా సిరిసిల్ల చేరాను. పడవ ఒడ్డున కట్టేసి ఉంది. వెనకవైపు బ్యాటరీల పెట్టె మూత తీయగానే నాకు మొదట కనిపించింది బ్యాటరీ కాదు, నిమ్మకాయ. కింద రెండు మిరపకాయలు. పడవకు పూజ చేసిన రోజున దిష్టి తగలకుండా వదిన కట్టిందట. నల్లదారానికి వేలాడుతోంది.

ఇప్పుడే మీకొక సంగతి చెప్పేస్తాను. నాకన్నా ముందు తెలుసుకున్న సుఖం మీకెందుకు లేకుండా చేయాలి? ఆ దారం దారం కాదు. రిలేకు ఎర్తు ఇచ్చే తీగ. సన్నగా, నల్లగా ఉంటుంది. దాని కొన బోల్టు దగ్గర తెగిపోయి ఊగుతుంటే, దారం ఇంట్లో మరిచిపోయి వచ్చిన వదినకు చేతికందింది. కొన చురుగ్గా ఉండడంతో సూది అవసరం కూడా లేకుండా నిమ్మకాయలో దిగింది. ఎర్తు లేక రిలే ఆనాటి నుంచీ మూర్ఛలో ఉంది. పూజ అయిన కొత్తలో రెండో బ్యాటరీ తనలో ఉన్నదే ఖర్చు చేసుకుంటూ కొన్నాళ్ళు బతికి, తర్వాత కన్నుమూసింది. దిష్టి తగలకూడదని కట్టిన నిమ్మకాయ, ఎర్తు తగలకుండా చేసింది. ఆ తీగ కొనను బోల్టుకు తగిలిస్తే, టీ చల్లారేలోగా పని అయిపోయేది.

నేనేం చేశానంటే, నిమ్మకాయను రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాను.

"మంచిగ కట్టింది వదిన. దీన్ని ముట్టొద్దన్నా" అన్నాను. పని చేస్తుంటే ఊగి చేతికి తగులుతోందని, పక్కకు లాగి, గట్టిగా ఇంకో ముడి కూడా వేశాను.

తర్వాత మీటరు తీసి పరీక్షలు మొదలుపెట్టాను. ఇంజను బ్యాటరీ నిండుకుండలా ఉంది. రెండోది ఎండిన చెలమలా ఉంది. ఇంజను స్టార్ట్ చేయించి రిలే టక్కంటుందేమోనని చెవి ఆనించి విన్నాను. అనలేదు. పానాతో తట్టాను. పలకలేదు. కాస్త గట్టిగా కొట్టాను. మా దుకాణంలో పద్ధతి అంతే. ఏ వస్తువునైనా ముందు తట్టి చూస్తాం, తర్వాత కొట్టి చూస్తాం, ఆ తర్వాత కొత్తది అమ్ముతాం.

"ఏమంటది తమ్మీ?" అన్నాడు గంగాధర్.

"ఏమంటలేదన్నా. గదే రోగం. గీ డబ్బా ఖతమైంది."

"కొత్తది దొరుకుతదా?"

"గిది మన దగ్గర యాడ దొరుకుతది? తెప్పియ్యాలె. వారమైనా పడ్తది."

"సారు రేపే అస్తుండు గద?"

గంగాధర్ మొహంలోని కరెంటు కూడా పోయింది. ఒడ్డున వదిన నిలబడి మమ్మల్నే చూస్తోంది. సరిగ్గా అప్పుడు నాలోని మేధావి నిద్రలేచాడు.

మా వైపు ఒక విద్య ఉంది. దాని పేరు డైరెక్ట్ చేయడం. పొలం కాడ మోటరు స్టార్టరు మాటిమాటికీ పడిపోతోందా? డైరెక్ట్ చెయ్యి. ఇంట్లో ఫ్యూజు ఎగిరిపోతోందా? లావుపాటి తీగ మెలిపెట్టి డైరెక్ట్ చెయ్యి. బండి తాళంచెవి పోయిందా? రెండు వైర్లు కలిపి డైరెక్ట్ చెయ్యి. మధ్యలో ఉన్న వస్తువు అక్కడ ఎందుకుందని మేము అడగం. అడ్డముంది అంటాం. మోటరు కాలిపోయినప్పుడు కూడా తప్పు మోటరుదే అంటాం తప్ప డైరెక్ట్‌ను ఒక్క మాట అననివ్వం. ఆ విద్యలో మా తండ్రుల కాలం నుంచీ మా ఇల్లు ఆరితేరింది.

"అన్నా, డైరెక్ట్ జేద్దాం."

"డైరెక్టా? దుబాయిల గిట్ల ఎవ్వలు జెయ్యరు తమ్మీ."

"దుబాయిల కరెంటు పోతదా?"

"పోదు."

"మరి డైరెక్ట్ సంగతి వాళ్ళకేమెరుక?"

ఇలాంటి తర్కం ముందు ఎవరు నిలబడతారు? గంగాధర్ కూడా నిలబడలేదు. రిలేను పక్కకు నెట్టి, చిటికెనవేలంత లావు తీగతో రెండు బ్యాటరీలనూ ఒకటి చేశాను. వెంటనే లైట్లు వెలిగాయి. స్పీకరు గొంతు సవరించుకుని పాట అందుకుంది. ఫ్రిజ్జు గుర్రుమంది. గంగాధర్ నన్ను వాటేసుకున్నాడు. వదిన పరుగెత్తుకొచ్చింది.

"శీనూ, నీ చేతులు సల్లగుండ! ఇయ్యాల కోడి గోస్త. ఇక్కన్నే ఉండు."

ఆ రోజు సిరిసిల్లలో నా కంచంలో పడ్డన్ని ముక్కలు జగిత్యాలలో ఏనాడూ పడలేదు. తినేముందు గంగాధర్ ఒకసారి పడవ దగ్గరికి పోయి, రేపు సారుకు చల్లగా ఉండాలని కూల్‌డ్రింకు సీసాలన్నీ ఫ్రిజ్జులో పెట్టి, దాన్ని ఆన్‌లో వదిలి వచ్చాడు. నేను వద్దనలేదు. ఎందుకంటానూ? నోట్లో లెగ్‌పీసుంది.

పొద్దున ఆఫీసరు వచ్చాడు. నెమ్మదైన మనిషి. వచ్చీ రాగానే లైఫ్ జాకెట్ అడిగి తొడుక్కుని, తాళ్ళన్నీ తనే లాగి చూసుకున్నాడు. మా వదిన కూడా ఎక్కుతానంది. ఆమెను కాదనే మగాడు ఆ ఇంట్లో లేడు. నన్ను గంగాధర్ గొప్పగా పరిచయం చేశాడు.

"మా సడ్డకుడు సార్. కోరుట్ల. బ్యాటరీలల్ల పెద్ద ఎక్స్‌పర్టు. నిన్ననే అన్ని సెట్ జేసిండు."

"మంచిది. నాకు ఈత రాదు, మీ మీదనే భారం" అన్నాడు ఆఫీసరు.

గంగాధర్ తాళం తిప్పాడు. ఇంజను పొద్దుపొద్దున్నే లేపిన అల్లుడిలా ఒక మూలుగు మూలిగి, ఇంకో మూలుగు మూలిగి, బలవంతాన లేచింది.

"ఏంది తమ్మీ, గట్ల మూల్గుతుంది?" అని గుసగుసగా అడిగాడు గంగాధర్.

"సలికి అన్నా."

"గీ ఎండలనా?"

"నీళ్ళల్ల ఉన్నది గద" అన్నాను. నాకే నచ్చింది ఆ జవాబు.

పడవ దర్జాగా నీళ్ళ నడుమకు పోయింది. ఒడ్డు మీద మనుషులు చీమలంత అయ్యాక ఆఫీసరు చెయ్యెత్తాడు.

"ఇంజన్ ఆపుండ్రి."

ఆగింది. చుట్టూ నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక గంగాధర్ తన వైభవమంతా ఒకేసారి చూపెట్టాడు. పట్టపగటి ఎండలో రంగురంగుల లైట్లు వేశాడు. స్పీకరులో పాట పెట్టాడు. ఫ్రిజ్జు తెరిచి ఆఫీసరు చేతిలో సీసా పెట్టాడు. ఆయన కూర్చుని, తాపీగా తాగుతూ, జాకెట్లు ఎన్నున్నాయి, తాడు ఎంత పొడవు, మంటలార్పే సిలిండరు ఏదీ అని అన్నీ అడిగాడు. మేమూ తాపీగా చెప్పాం. పాట కూడా తాపీగా సాగింది. ఉండుండి మరీ తాపీగా సాగడం మొదలుపెట్టింది. పాడుతున్న ఆడగొంతు మెల్లగా మగగొంతయింది. తర్వాత ముసలిగొంతయింది. తర్వాత ఎవరో గోనెసంచిలోంచి ఏడ్చినట్టయి ఆగిపోయింది. లైట్లు కళ్ళు మూసుకున్నాయి.

"ఇగ స్టార్ట్ చెయ్యుండ్రి, పోదాం" అన్నాడు ఆఫీసరు.

గంగాధర్ తాళం తిప్పాడు. టిక్.

"తమ్మీ."

"అన్నా."

"టిక్కన్నది."

"ఇన్న."

"ఇంకేమంటలేదు."

"ఇంకోసారి తిప్పు."

టిక్. ఈసారి ఇంకా సన్నగా, క్షమించమన్నట్టు.

"ఏమైంది?" అన్నాడు ఆఫీసరు.

"ఏం లేదు సార్, బ్యాటరీ జర..." అన్నాడు గంగాధర్.

"బ్యాటరీలు రెండున్నయన్నరు గద? రెండోదానితోటి స్టార్ట్ చెయ్యుండ్రి."

గంగాధర్ నన్ను చూశాడు. నేను నీళ్ళను చూశాను. నీళ్ళు ఎటూ చూడలేదు.

"రెండూ కలిసే ఉన్నయి సార్" అన్నాను.

"కలిసుంటే మంచిదే గద?"

"మనుషులకు మంచిదే సార్."

జరిగిందేమిటో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. నాకు అప్పుడు అర్థమైంది. మా అత్తగారి లాంటి ఆ డబ్బాను నేను పక్కకు నెట్టగానే చిన్నల్లుడు వంటింట్లో దూరాడు. ఆకలితో పడి ఉన్న రెండో బ్యాటరీ, నిండుగా ఉన్న మొదటిదాన్ని పట్టుకుని రాత్రంతా తాగింది. తాగినదంతా ఫ్రిజ్జుకు పోసింది. పొద్దున ఏదో కాస్త మిగిలితే, అది లైట్లకు, పాటకు సరిపోయింది. ఇంజను మళ్ళీ లేవడానికి చుక్క కరెంటు లేదు. చేత్తో తాడు లాగి స్టార్ట్ చేద్దామంటే అంత పెద్ద ఇంజనుకు తాడే ఉండదట. ఇది గంగాధర్ అప్పుడు చెప్పాడు.

అదే సమయంలో ఆయన ఫోన్ మోగింది. మెట్‌పల్లి ఏజెంటు. నీళ్ళ నడుమ కరెంటు లేదు కానీ సిగ్నల్ మాత్రం నిండుగా ఉంది. గంగాధర్ ఫోన్ వైపు చెయ్యి చాపేలోగా వదిన లాక్కుంది.

"ఆయన నీళ్ళల్ల ఉన్నడు. తర్వాత జెయ్యి."

"నీళ్ళల్లనా? పానం మంచిగుందా?" అన్నాడు అవతలివాడు కంగారుగా.

"ఉన్నది! గాని దుబాయికి రాడు!" అని ఫోన్ పెట్టేసింది. మా అందరి మధ్యా ఆమె గొంతు ఒక్కటే ఫుల్ చార్జింగులో ఉంది. కానీ ఫోన్‌ను ఆయనకు తిరిగి ఇవ్వకుండా కొంగున ముడేసుకుంది. అది నేను చూశాను. నా జేబులో ఉన్న మీటరు అప్పుడు చాలా బరువనిపించింది.

"దిష్టి దలిగింది" అంది వదిన హఠాత్తుగా. "పూజ నాడు కట్టిన నిమ్మకాయ. మళ్ళ మార్చనే లేదు. ఎండిపోయి ఉంటది. గందుకే గిట్లయింది."

అందరం తలలూపాం. మా దగ్గర అంతకన్నా మంచి కారణం లేదు మరి. ఆమె పెట్టె మూత తీసి, పాత నిమ్మకాయను నీళ్ళలో పారేద్దామని లాగింది. రాలేదు.

"ఎవలేసిన్రు గీ ముడి? అస్తనే లేదు!"

ఎవరు వేశారో చెప్పడానికి అది సమయం కాదనిపించింది. ఆమె రెండు చేతులా పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. నిమ్మకాయ ఊడివచ్చింది. దారం కొన ఎండకు తళుక్కుమంది. దారం ఎందుకు తళుక్కుమంటుంది? వంగి చూశాను. రాగి. ఆ దారాన్ని వేలితో పట్టుకుని వెనక్కి పోతే, పోయి పోయి, నేను పానాతో కొట్టిన నల్లడబ్బాలోకి దూరింది.

"వదినా, గీ దారం యాడిది?"

"గాన్నే యాలాడుతుండె శీనూ. ఆనాడు దారం ఇంట్ల మర్సిపోయిన. నల్లగున్నది, మంచిగున్నదని దానికే కట్టిన. ఏమైంది?"

గంగాధర్ ఆమెను చూశాడు. ఆమెను ఏమైనా అనే ధైర్యాన్ని అన్నేళ్ళ దుబాయిలోనూ సంపాదించుకోలేకపోయాడు. అందుకని తల తిప్పి నన్ను చూశాడు.

"నిన్న పెట్టె తీసినప్పుడు నువ్వు జూడలేదా?"

"జూసిన అన్నా."

"జూసి ఏం జేసినవ్?"

"కండ్లకద్దుకున్న."

ఆఫీసరు అప్పుడే సీసా ఎత్తి తాగుతున్నాడు. నోట్లోది ఆయన ముక్కులోంచి వచ్చింది. చాలాసేపు దగ్గాడు. దగ్గో నవ్వో నేను తేల్చుకోలేదు. తేల్చుకోవాలని కూడా అనిపించలేదు.

కారణం దొరికింది కానీ కరెంటు దొరకలేదు. చివరికి మమ్మల్ని ఒడ్డుకు చేర్చింది ఎవరనుకున్నారు? వల వేసుకుంటూ అటుగా వచ్చిన మల్లేశం. ఆయన వాహనం ఒక థర్మకోల్ తెప్ప. గోనెపట్టా చుట్టి, తాళ్ళతో బిగించి, దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, రెండు చెక్కముక్కలతో నీళ్ళు తోసుకుంటూ పోతాడు. మా పడవ ముక్కుకు తాడు కట్టి, ఆ కొనను తన తెప్పకు కట్టుకుని, చుట్ట నోట్లో పెట్టుకుని బయల్దేరాడు. ఇంజను, స్పీకరు, కుర్చీలు, ఆఫీసరు ఉన్న పడవ ఒక థర్మకోల్ ముక్క వెనక తలొంచుకుని నడిచింది.

"ఏం గంగన్నా, గిదేనా దుబాయి బోటు?" అన్నాడు మల్లేశం వెనక్కి చూడకుండానే.

"ఏ, గమ్మున గుంజరాదే!"

"ఫ్రిజ్జు గూడ ఉన్నదట గద? ఓ సల్లటి సీస ఇయ్యరాదు, నోరెండుకపోతుంది."

"ఇస్త. సల్లగ లేదు."

ఒడ్డు చేరాక ఆఫీసరు జాకెట్ విప్పి మడిచి ఇచ్చాడు. వదిన ఆయన ముందు నిలబడింది.

"తప్పు నాది సార్. వైరుకు నిమ్మకాయ నేనే కట్టిన. ఆయనకేం తెల్వదు."

"నాది గూడ ఉన్నది సార్. ఫ్రిజ్జు బంద్ జెయ్యకుంట నేనే ఇడిసిపెట్టిన" అన్నాడు గంగాధర్.

తర్వాత ఇద్దరూ నావైపు చూశారు. మల్లేశం కూడా చూశాడు. నేనూ ఏదో ఒకటి అనాలి.

"ఎండ మస్తుగున్నది సార్" అన్నాను.

వదిన చూపు చూశాక మళ్ళీ నోరు తెరిచాను. "డైరెక్ట్ జేసింది నేనే సార్. గా తీగ లేకుంటె ఇంజను బ్యాటరీకి ఏం గాకపోవు."

ఆఫీసరు తల అడ్డంగా ఊపాడు. "ఇయ్యాలైతే నేనేం ఇయ్యలేను. నేనే నడుమ ఇరుక్కున్న. మంచిగ జేసుకుని పిలువుండ్రి, వచ్చే వారం మళ్ళ వస్త." రెండడుగులు వేసి ఆగాడు. "నిమ్మకాయ కట్టుండ్రి, వద్దంటలేను. దారంతోటి కట్టుండ్రి."

ఏజెంటుకు గంగాధర్ ఇంకో వారం వాయిదా అడిగాడు. నేను కోరుట్లకు పోయి, రెండు బ్యాటరీలనూ దుకాణంలో పెట్టి కడుపునిండా చార్జింగు పట్టించి, తిరిగి తెచ్చి బిగించాను. నా లావుపాటి తీగను పీకి అవతల పారేశాను. తెగిన ఎర్తు తీగను బోల్టుకు బిగించి ఇంజను స్టార్ట్ చేయించాను. అందరం పెట్టె మీదికి వంగాం. కాసేపటికి పెట్టెలోంచి చిన్న చప్పుడు. టక్. వదిన కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాకూ కళ్ళు చెమర్చాయి. ఏ పాపం ఎరుగని ఆ డబ్బాను పానాతో కొట్టిన దెబ్బలు గుర్తొచ్చాయి.

మరుసటి వారం ఆఫీసరు మళ్ళీ వచ్చాడు. నడుమ ఇంజను ఆపించాడు. లైట్లు వేయించాడు, పాట మొత్తం విన్నాడు, సీసా మొత్తం తాగాడు. తాళం తిప్పగానే ఇంజను లేచింది. పర్మిషన్ వచ్చింది. మెట్‌పల్లికి ఫోన్ చేసి, "నేను నీళ్ళల్లనే ఉంట, నువ్వు ఇంకొకల్లను జూసుకో" అన్నాడు గంగాధర్. ఆ సాయంత్రం వదిన తన ఫోన్‌ను ఇంట్లోనే వదిలేసి పడవ ఎక్కింది. ఇక దానితో పనేముంది, మనిషి ఎదురుగానే ఉన్నాడు.

ఇక్కడితో కథ అయిపోతే నేనెందుకు ఇదంతా రాస్తాను? గంగాధర్ కష్టాలు తీరిన రోజు నుంచీ నావి మొదలయ్యాయి.

షికారుకు వచ్చినవాళ్ళకు చెప్పడానికి ఆ నీళ్ళలో పెద్ద విశేషాలేమీ లేవు. నీళ్ళున్నాయి, కొంగలున్నాయి. అందుకని గంగాధర్ ఒక మైకు కొన్నాడు. పడవ సరిగ్గా నడుమకు చేరగానే మైకు అందుకుంటాడు. "అమ్మలారా, అయ్యలారా, గిది గా జాగ! మా సడ్డకుడు సార్‌ను నిలవెట్టిన జాగ!" అని మొదలుపెడతాడు. ఆయన చెప్పే కథలో వదిన కట్టిన ముడి ఉండదు, ఫ్రిజ్జు ఉండదు. మొదటి నుంచి చివరి దాకా నేనే ఉంటాను. "కండ్లకద్దుకున్న" అన్న మాట దగ్గర పడవ ఊగుతుందట నవ్వులకు. కొందరు ఆ కథ కోసమే రెండోసారి వస్తున్నారట.

చుట్టాల్లో నా పేరు మారిపోయింది. డైరెక్ట్ చేసినవాడు కాబట్టి డైరెక్టరు. జగిత్యాలలో మా అత్తగారు కూడా "డైరెక్టరుకు పులుసు పొయ్యుండ్రి" అంటోంది. ముక్కల మాట మాత్రం ఎత్తదు. దుకాణానికి వచ్చే గిరాకీలు ఇన్వర్టర్ కొని, పైసలిచ్చి, మెట్లు దిగాక వెనక్కి తిరిగి, "అన్నా, దీనికి నిమ్మకాయ యాడ కట్టాలె?" అని అడుగుతున్నారు.

ఒకరోజు ఆగలేక ఫోన్ చేశాను.

"అన్నా, కథ చెప్పుకో. నా పేరెందుకు?"

"ఒట్టు తమ్మీ, నీ పేరే ఎత్తుతలేను. కోరుట్ల, బస్టాండు అవతల, బ్యాటరీల దుకాణం అంటున్న. గంతే!"

దేవుడున్నాడు. కొన్ని నెలల తర్వాత ఆయనే ఫోన్ చేశాడు. ఇంజను నడుస్తుంటే మైకులో గుర్రుమని మోత వస్తోందట, కథ సరిగ్గా వినబడడం లేదట, వచ్చి సరిచేయమన్నాడు. నా కథను స్పష్టంగా వినిపించే పని నాకే అప్పజెప్పాడన్నమాట! నేను చిరునవ్వుతో పోయాను. అప్పటికి నేను రిలేల్లో పండితుణ్ణి. ఒక్కసారి కాలినవాడు ఎంత చదువుతాడో మీకేం తెలుసు. మైకు తీగకు నడుమ ఒక చిన్న రిలే పెట్టాను. ఒడ్డునే, ఇంజను ఆపి ఉండగా మైకిచ్చి మాట్లాడమన్నాను. గంగాధర్ గొంతు గంటలా మోగింది. ఆయన మురిసిపోయాడు. వదిన టీ ఇచ్చింది. నేను కోరుట్ల బస్సెక్కాను.

మర్నాడు ఫోను.

"తమ్మీ! ఇంజను చాలు జేస్తె మైకు బందయితున్నది!"

"అవునన్నా. గట్లనే పెట్టిన. ఇంజను నడిచినప్పుడు మైకు ఉండది, ఇంజను ఆగితె మైకు పలుకుతది. ఇగ గుర్రుమనే సవాలే లేదు."

"మరి నడిమిట్ల కథ ఎట్ల జెప్పాలె?"

"గదేమున్నదన్నా? నడిమిట్ల ఇంజను ఆపి చెప్పు."

ఆ మాట ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు. పర్మిషన్ వచ్చిన నాటి నుంచి ఈనాటి వరకు గంగాధర్ నీళ్ళ నడుమ ఒక్కసారి కూడా ఇంజను ఆపలేదు. ఆపినా మళ్ళీ లేస్తుంది, రిలే బాగుంది, బ్యాటరీలు బాగున్నాయి. కానీ తాళం మీదికి చెయ్యి పోగానే ఆయనకు థర్మకోల్ తెప్ప కనబడుతుందట.

"తమ్మీ, గా డబ్బా తీసెయ్."

"తీసేస్తె మళ్ళ గుర్రుమంటదన్నా."

"అననీ. అయితె ఒక పని జెయ్యి..." ఆయన గొంతు తగ్గించాడు. "డైరెక్ట్ జెయ్యరాదు!"

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఫోన్‌లో కనబడనని తెలుసు. అయినా కొన్ని మాటలు నిలబడే అనాలి. కుడిచెయ్యి ఎదురుగా ఉన్న కొత్త ట్రాక్టరు బ్యాటరీ మీద పెట్టాను.

"అన్నా, ఆనాడు నీళ్ళ నడుమ మనసుల ఒట్టు వెట్టుకున్న. నా బొందిల పానం ఉన్నంత కాలం, నడుమల ఉన్నది ఎందుకున్నదో తెల్వకుంట, ఎవ్వని కరెంటును గూడ డైరెక్ట్ జెయ్య. మోటరుకు గాని, ట్రాక్టరుకు గాని, సొంత సడ్డకుని మైకుకు గాని. నన్ను పాపంల పడెయ్యకు."

అవతల ఇంజను మోత ఒక్కసారిగా పెరిగింది. గంగాధర్ అప్పుడు నడుమ నీళ్ళలోనే ఉన్నట్టున్నాడు. ఆయన చాలా గట్టిగా, చాలాసేపు ఏదో అన్నాడు. మైకు లేదు కదా, నాకేమీ వినబడలేదు.